బయట మందు తాగడాన్ని చట్టం ఆపాలా? మన గోదావరి డెల్టా ఊళ్ళలో మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

మా ఊరి గ్రామసభలో కాలవ గట్టు మీద సిట్టింగుల గురించి అర్జీ పెట్టినప్పటి నుంచి అవే డౌట్లు తిరిగి తిరిగి వస్తున్నాయి, ఊరి గ్రూపులో ఒకరికి చెప్పేలోపు ఇంకొకరు అదే అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసేశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరస పెట్టి చదవక్కర్లేదు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నా: నలుగురూ వాడే జాగాలో మందు తాగడాన్ని చట్టం కచ్చితంగా కట్టడి చేయాలి, కానీ ఆ కట్టడి జాగాని కాపాడేలా ఉండాలి, తాగేవాడిని పురుగులా చూసేలా ఉండకూడదు.

### ఇప్పుడు చట్టం ఏం చెప్తోంది

గవర్నమెంటే లైసెన్సు ఇచ్చి అమ్మిస్తోంది, మరి తాగితే తప్పెలా అవుద్దండి?

లైసెన్సు అమ్మడానికి. కొనుక్కున్నది ఎక్కడ పడితే అక్కడ తాగడానికి అందులో పర్మిషన్ ఏమీ లేదు. మద్యం మీద చట్టాలు చేసే అధికారం రాజ్యాంగం రాష్ట్రాలకి ఇచ్చింది, ఎవరు అమ్మాలి, ఎన్ని గంటలకి మూయాలి, ఎన్నేళ్ళు నిండినవాళ్ళకి అమ్మాలి (మన రాష్ట్రంలో 21) అన్నీ రాష్ట్రమే చెప్తుంది, అలాంటప్పుడు ఎక్కడ తాగకూడదో చెప్పడంలో కొత్త వింతేమీ లేదు. అదే రాజ్యాంగం 47వ అధికరణంలో మత్తు పానీయాల్ని మాన్పించే దిశగా ప్రభుత్వం ప్రయత్నించాలని కూడా రాసి ఉంది. ఒక పక్క ఖజానాకి మందు డబ్బు కావాలి, ఇంకో పక్క ఆ మాట ఉంది, ఈ రెండింటి మధ్య నలిగిపోయేది మాత్రం ఊళ్ళే.

గట్టు మీద కూర్చుని ఎవర్నీ ఏమీ అనకుండా తాగినా కేసేనా?

అవ్వచ్చు. ఇక్కడ రెండు వేరు వేరు సంగతులున్నాయి, చాలామంది కలిపేస్తున్నారు. ఒకటి తాగిన మత్తులో జనం మధ్యకి వచ్చి ఇబ్బంది పెట్టడం, దీనికి భారతీయ న్యాయ సంహితలో 355వ సెక్షన్ ఉంది: 24 గంటల వరకు సాధారణ జైలు, లేదా 1,000 రూపాయల వరకు ఫైను, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. రెండోది, గొడవ చేయకపోయినా లైసెన్సు లేని బహిరంగ జాగాలో బాటిల్ తెరిచి కూర్చోవడం, దీనికి పోలీసులు రాష్ట్ర ఎక్సైజ్ చట్టం గానీ, మద్రాసు రోజుల్లో 1889లో వచ్చిన టౌన్ న్యూసెన్స్ చట్టం గానీ వాడుతుంటారు. 2024 జులై 1న న్యాయ సంహిత అమల్లోకి రాకముందు పాత ఐపీసీ 510 కింద ఫైను ఎంతో తెలుసా, పది రూపాయలు. 1860లో రాసిన పది రూపాయలే 2024 దాకా నడిచింది. మన ఊళ్ళలో ఈ విషయాన్ని ఎవరూ సీరియస్‌గా తీసుకోకపోవడానికి అది కూడా ఒక కారణమే అని నేననుకుంటా.

కారు అద్దాలు ఎక్కించుకుని లోపల తాగితే అది మా ప్రైవేటు కదా?

రోడ్డు మీద ఉన్న కారు ప్రైవేటు ప్లేసు లెక్కలోకి రాదు. బీహార్ కేసొకటి సుప్రీంకోర్టు దాకా వెళ్తే, బహిరంగ రోడ్డు మీదున్న సొంత వాహనం దగ్గరికి జనం వచ్చే వీలుంది కాబట్టి, బీహార్ ఎక్సైజ్ చట్టం ప్రకారం అది బహిరంగ ప్రదేశమేనని 2019లో తేల్చారు. ఆ తీర్పు బీహార్ చట్టం మీద వచ్చిందే అయినా ఇక్కడ పోలీసులు చూసే తీరు కూడా అంతే. పైగా తాగాక ఆ కారు నడుపుకుంటూనే కదా ఇంటికెళ్ళాలి. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే మోటారు వాహనాల చట్టం 185 కింద మొదటిసారికి 10,000 ఫైను, ఆరు నెలల వరకు జైలు కూడా పడొచ్చు. రావులపాలెం దగ్గర హైవే పక్కన ఆపుకుని తాగి, మళ్ళీ అదే హైవే ఎక్కేవాళ్ళని చూస్తుంటే భయమేస్తుంది.

మా కొబ్బరితోటలో, మా చేలో మకాం దగ్గర తాగితే?

మీ తోట మీ ఇష్టం, అది బహిరంగ ప్రదేశం కాదు. అక్కడే నలుగురికి డబ్బులు తీసుకుని పోసినా, బాటిళ్ళు దాచి అమ్మినా మాత్రం అది బెల్టు షాపు అవుతుంది, ఆ కేసు చాలా పెద్దది. ఖాళీ బాటిళ్ళు బోదెలోకి (చేలకి నీళ్ళు పారే చిన్న కాలవలోకి) విసరకండి, కింది చేలవాళ్ళ కాళ్ళకి అవే తగులుతాయి.

మరి కల్లు సంగతేంటి? తాటిచెట్టు కింద తాగడం తాతల నాటి నుంచీ ఉంది కదా

కల్లు గీత మన దగ్గర ఒక వృత్తి, లైసెన్సున్న గీత కార్మికులు తీసిన కల్లు అమ్ముకోవడం నేరం కాదు. పొద్దున్నే చెట్టు దగ్గరో పాకలోనో ఒక ముంత తాగి పనికి పోయే ముసలాయనకీ, రాత్రి తొమ్మిదికి వంతెన మీద బాటిళ్ళు పగలగొట్టే గుంపుకీ ఒకే రూలు పెట్టమని నేనైతే అడగను. కల్లు పాకకి ఒక జాగా ఉంటుంది, ఒక మనిషి బాధ్యత ఉంటుంది, ముంతలు మళ్ళీ కడుగుతారు కాబట్టి చెత్త ఉండదు. బడి దారిలో పాక ఉంటే మాత్రం దాన్ని పక్కకి జరపమని అడగొచ్చు, అడగాలి.

యానాం వెళ్ళి అక్కడ ఒడ్డున తాగితే ఆంధ్రా పోలీసులు ఏం చేస్తారు?

యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది, అక్కడ అక్కడి చట్టం, అక్కడి పోలీసులు. ఎదుర్లంక వంతెన దాటి ఇటొచ్చారంటే మాత్రం ఇక్కడి చట్టమే. బాటిల్ సంచిలో వేసుకుని ఇటు తెస్తే అది బయట తాగిన కేసుగా పోదు, ఆంధ్రాలో పన్ను కట్టని సరుకు అని ఎక్సైజ్ కేసు అవుతుంది. బండి కూడా సీజ్ చేస్తారు. రెండొందలు మిగులుతాయని చూసుకుని బండి పోగొట్టుకోకండి.

హైవే పక్కన షాపులు ఉండకూడదని సుప్రీంకోర్టు చెప్పింది కదా, మరి ఉన్నాయేంటి?

2016 డిసెంబరులో చెప్పింది, జాతీయ, రాష్ట్ర రహదారులకి 500 మీటర్ల లోపు అమ్మకూడదని. తర్వాత 20,000 లోపు జనాభా ఉన్న ఊళ్ళకి 220 మీటర్లకి తగ్గించారు, 2017 జులైలో మున్సిపాలిటీ పరిధిలో ఉన్నవాటికి మినహాయింపు వచ్చింది. 216 నంబరు హైవే కోనసీమ మధ్యలోంచి పోతుంది కాబట్టి మీ దగ్గర షాపు పంచాయతీలో ఉందా మున్సిపాలిటీలో ఉందా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. ఇదంతా అమ్మకం గురించి. షాపు 220 మీటర్లు లోపలికి జరిగినా తాగేవాడు బాటిల్ పట్టుకుని రోడ్డు పక్కకే వస్తున్నాడు, తీర్పు ఉద్దేశం అక్కడే నీరుగారిపోతోంది.

### అసలు ఈ కట్టడి కావాలా

నా డబ్బు, నా ఒళ్ళు, నేను తాగితే ఊరికేంటి నొప్పి?

నీ ఇంట్లో తాగితే ఊరికి నిజంగానే సంబంధం లేదు, అది నీకూ నీ ఇంటోళ్ళకీ మధ్య విషయం. గట్టు మీదకి వచ్చాకే ఊరి సంగతి అవుతుంది, మన డెల్టాలో అది ఇంకో ప్రాంతం కంటే ఎక్కువ అవుతుంది, ఎందుకో చెప్తాను.

ఇక్కడ గట్టే రోడ్డు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలు ఎటు పోతే ఊళ్ళకి దారులు కూడా అటే పడ్డాయి. లంకల్లో ఏటిగట్టు, ఇవతల కాలవగట్టు, అంతే, పక్కనుంచి ఇంకో దారి ఉండదు. హైదరాబాదులో ఒక సందులో తాగుతుంటే ఇంకో సందులోంచి పోవచ్చు, ఇక్కడ సాయంత్రం ట్యూషన్ నుంచి సైకిల్ మీద వచ్చే ఆడపిల్ల ఆ గుంపు మధ్యలోంచే రావాలి. వాళ్ళు ఒక్క మాట అనకపోయినా సరే, ఆరుగురు బాటిళ్ళతో కూర్చున్న చోటు దాటాలంటే ఆ పిల్ల ముందు స్పీడ్ పెంచుతుంది, తర్వాత ఆ ట్యూషనే మానేస్తుంది. ఎవరూ కేసు పెట్టరు, ఏ రికార్డులోకీ ఎక్కదు, పిల్ల చదువు మాత్రం తగ్గిపోతుంది. నన్ను అన్నిటికంటే ఎక్కువ కలతపెట్టేది ఇదే.

రెండోది గాజు. ఊడ్పులప్పుడు బురదలో చెప్పులతో దిగలేరు. గట్టు మీద పగిలిన బాటిల్ ముక్క వానకి జారి బోదెలోకి, బోదెలోంచి చేలోకి వస్తుంది, నాటుకి వచ్చిన ఆడకూలీ పాదంలో దిగుతుంది, ఆమెకి ఆ వారం కూలి ఉండదు, ఆస్పత్రి ఖర్చు అదనం. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు ఒక్కసారి వంతెన మీంచి కిందకి చూడండి, బాటిళ్ళూ ప్లాస్టిక్ గ్లాసులూ వాటర్ ప్యాకెట్లూ పరుచుకుని ఉంటాయి. మన మంచినీళ్ళ చెరువులు నింపుకునేది ఆ కాలవ నీటితోనే.

ఇంట్లో చోటు లేదు, బారుకి వెళ్ళే డబ్బు లేదు, ఇది పేదోడి మీద చట్టం కాదా?

ఈ ప్రశ్న అడిగినవాళ్ళందరికీ నా నమస్కారం, ఎందుకంటే ఇదే అసలైన ప్రశ్న. డబ్బున్నోడు ఏసీ గదిలోనో తోటలో గెస్ట్‌హౌస్‌లోనో తాగుతాడు, ఆయన్ని ఎవరూ పట్టుకోరు. రోజంతా ఇసుక మోసి, కొబ్బరి దింపు చేసి, చేపల చెరువు మీద నిలబడి వచ్చినోడికి ఒకే గది ఇల్లు, అందులో పిల్లలు, ముసలి తల్లి. అక్కడ తాగడం కంటే బయట తాగడమే మేలని ఇంటి ఆడాళ్ళే అనే సందర్భాలు ఉన్నాయి. చట్టం కళ్ళు మూసుకుని వస్తే దెబ్బ పడేది ఇతని మీదే, ఫైను కట్టడానికి ఇంకో అప్పు చేసేదీ ఇతనే.

అయినా కట్టడి వద్దని నేననలేను, ఎందుకంటే ఆ గట్టు మీద నడిచి పోయే ఆడకూలీ కూడా పేదదే, గాజు గుచ్చుకునే పాదం కూడా పేదదే, పెద్దోళ్ళ పిల్లలు కార్లో వస్తారు కాబట్టి వాళ్ళకి గట్టుతో పనే లేదు. అంటే బయట తాగడం వదిలేసినా నష్టం పేదోళ్ళకే, గుడ్డిగా కేసులు పెట్టినా నష్టం పేదోళ్ళకే. మధ్యలో దారి ఉంది. ముందు హెచ్చరిక, ఫైను చిన్నదిగా, జైలు బదులు గట్టు శుభ్రం చేసే పని. న్యాయ సంహితలో సమాజ సేవ అనే మాట కొత్తగా చేర్చారు, దాన్ని వాడాలి. ఒక ఆదివారం పొద్దున్న తాను కూర్చున్న చోటే గాజు ఏరితే అది ఏ ఇంటినీ అప్పులపాలు చేయదు. అలాగే మందు అమ్మి డబ్బు చేసుకునే షాపువాళ్ళ మీద బాధ్యత పెట్టాలి, తక్కువ ఖర్చులో కూర్చునే చోటు, నీళ్ళు, చెత్తబుట్ట, లెట్రిన్ వాళ్ళు చూపించాలి.

పర్మిట్ రూములు (షాపుని ఆనుకుని కూర్చుని తాగే గదులు) మళ్ళీ వచ్చాయిగా, ఇంకా చట్టం ఎందుకు?

2019 అక్టోబరులో ప్రభుత్వ షాపులు వచ్చినప్పుడు పర్మిట్ రూములు తీసేశారు. తాగేవాళ్ళు తగ్గలేదు, గోడ లోపల తాగేవాళ్ళు గట్టు మీదకి వచ్చారు, ఇది మన కళ్ళ ముందు జరిగిందే. 2024 అక్టోబరులో మళ్ళీ ప్రైవేటు షాపులు వచ్చాయి, 2025లో పర్మిట్ రూములకి ప్రభుత్వం ఒప్పుకుంది, బయట తాగడం తగ్గుతుందనే కారణం చెప్పింది. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ పర్మిట్ రూము షాపు దగ్గర ఉంటుంది, మన లంక ఊళ్ళలో షాపు ఎక్కడో మండల కేంద్రంలో ఉంటుంది, బాటిల్ కొనుక్కుని సొంతూరు వచ్చి రేవులో కూర్చునేవాడికి ఆ రూము వల్ల ఉపయోగం లేదు. రూము బడికి, గుడికి, బస్టాండుకి ఆనుకుని పెడితే సమస్య చోటు మారుతుందే తప్ప తీరదు. రూములు ఉండనివ్వండి, మంచి జాగాలో ఉండనివ్వండి, వాటితో పాటు గట్టు మీద నిషేధం కూడా ఉండాలి.

ఇదంతా ఎందుకు, మొత్తం మద్యనిషేధం పెట్టేస్తే పోద్ది కదా?

మనం ఒకసారి చేసి చూసిందే. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడాళ్ళు సారా కొట్టు మూయించడంతో అంటుకున్న ఉద్యమం 1992 కల్లా రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆపేశారు. 1994 డిసెంబరులో ఎన్టీఆర్ ముఖ్యమంత్రి అవుతూనే మద్యనిషేధం మీద సంతకం పెట్టారు, 1995 జనవరి నుంచి అమలైంది. 1997లో ఎత్తేశారు. ఆదాయం పోవడం ఒక కారణం, దొంగ రవాణా, నాటుసారా ఇంకో కారణం. మనకి పక్కనే యానాం ఉంది కాబట్టి ఆ రోజుల్లో ఏం జరిగిందో పెద్దోళ్ళని అడిగితే చెప్తారు. ఆ ఉద్యమం మీద నాకు ఎంతో గౌరవం ఉంది, చదువు రాని ఆడాళ్ళు ప్రభుత్వాన్నే కదిలించారు. అంత పెద్ద నిషేధం మళ్ళీ వచ్చేదాకా గట్టు మీద పిల్లలు ఆగలేరు కాబట్టి, ఈలోపు చేయగలిగింది అడుగుతున్నాం.

బయట తాగనివ్వకపోతే ఇంటికొచ్చి పెళ్ళాన్ని కొడతాడు, అప్పుడో?

ఈ భయం నిజమే, కొట్టిపారేయలేం. కానీ బయట తాగినోడు కూడా చివరికి ఇంటికే వస్తాడు, గట్టు మీద తాగితే చెయ్యి ఎత్తడని ఏమీ లేదు. కొట్టడం వేరే నేరం, దానికి 2005 నాటి గృహహింస చట్టం ఉంది, ఆడాళ్ళ కోసం 181 ఉంది, అర్జెంటుగా అయితే 112. ఊళ్ళో ఆశా కార్యకర్తకో సచివాలయం మహిళా పోలీసుకో చెప్పినా దారి చూపిస్తారు. ఇల్లు భద్రంగా ఉండటం కోసం గట్టుని వదిలేయమనడం ఆ ఇల్లాలికీ న్యాయం కాదు, ఊరికీ న్యాయం కాదు.

వేరే చోట్ల ఎలా ఉందో చెప్పండి

కేరళలో గట్టిగా ఉంది, బహిరంగంగా తాగితే అబ్కారీ చట్టం కింద రెండేళ్ళ వరకు జైలు గానీ 5,000 వరకు ఫైను గానీ, రెండూ గానీ. గోవా పార్టీలకే పేరు, అయినా 2019లో టూరిస్టు జాగాల్లో బయట తాగితే ఒక్కరికి 2,000, గుంపుకి 10,000 ఫైను పెట్టారు, బీచ్‌లో గాజు ముక్కలు వాళ్ళకీ తలనొప్పే. సింగపూర్‌లో 2013లో లిటిల్ ఇండియా అల్లరి తర్వాత 2015లో చట్టం తెచ్చి రాత్రి పదిన్నర నుంచి పొద్దున్న ఏడు దాకా బయట తాగకూడదన్నారు, మిగతా టైములో తాగొచ్చు. లండన్ 2008 నుంచి బస్సుల్లో, మెట్రోలో ఆపేసింది. జపాన్‌లో రోడ్డు మీద తాగడం నేరం కాదు, అక్కడ కూడా టోక్యోలోని షిబుయా 2024 అక్టోబరు నుంచి స్టేషన్ చుట్టుపక్కల సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఐదు వరకు వద్దంది.

నాకు వీటిలో సింగపూర్, షిబుయా పద్ధతి నచ్చింది, ఎందుకంటే జాగా, టైము రెండూ గీత గీసి చెప్పారు, పోలీసు మూడ్‌ని బట్టి ఉండదు. కేరళ లాగా రెండేళ్ళ జైలు అని రాస్తే వినడానికి బాగుంటుంది గానీ, మన దగ్గర అంత పెద్ద శిక్ష రాసిన చోట బేరాలు మొదలవుతాయి.

### పండగలు, రేవులు

సంక్రాంతి మూడు రోజులైనా వదిలెయ్యకూడదా?

పండగకి ఊరొచ్చినవాళ్ళ సరదా నాకు అర్థమవుతుంది, అల్లుళ్ళు వస్తారు, స్నేహితులు ఏడాదికోసారి కలుస్తారు. కానీ జనం ఎక్కువగా బయట ఉండేది కూడా ఆ మూడు రోజులే, ఆడాళ్ళూ చిన్నపిల్లలూ తీర్థాలకి పోయేది అప్పుడే. కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థానికి ఎంత జనం వస్తారో మీకు తెలుసు, ప్రభలు కాలవ దాటేటప్పుడు మోసేవాళ్ళ కాళ్ళ కింద ఒక్క గాజు ముక్క చాలు. భీమవరం చుట్టుపక్కల కోడిపందేల బరుల దగ్గర టెంట్లేసి అమ్మడం అయితే పందెమూ నేరమే, ఆ అమ్మకమూ నేరమే. పండగకి ఇంట్లో తాగండి, తోటలో తాగండి, తీర్థం దారిలో మాత్రం వద్దు.

రేవులో, ఏరు దాటించే పంటు మీద తాగితే ఏంటి ప్రమాదం? మాకు ఈత వచ్చు

ఈత వచ్చినవాళ్ళు కూడా పోతున్నారండి. మత్తులో దూరం అంచనా ఉండదు, చల్లటి నీళ్ళలో ఒళ్ళు స్వాధీనం తప్పుతుంది, పైకి నిదానంగా కనిపించే గోదారిలో ఇసుక తీసిన గుంటలు కింద ఎక్కడున్నాయో తెలీదు. నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటులాంటి వాటి మీద బండ్లూ మనుషులూ కలిసి ఎక్కుతారు, తాగినవాడొకడు తూలితే పక్కవాళ్ళకీ ముప్పే. ఈ ఒక్క విషయంలో మాత్రం హెచ్చరికలు, రెండో ఛాన్సులు వద్దు, రేవుల్లో, పంటు మీద నిషేధం 24 గంటలూ ఉండాలి. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, రేవుల్లో గాజు ఏరడం అప్పటికప్పుడు అయ్యే పని కాదు.

రైల్లో తాగితే?

రైల్వే చట్టం 145 వేరేగా ఉంది, ఆరు నెలల వరకు జైలు, 500 వరకు ఫైను, రైల్లోంచి దించేయొచ్చు కూడా. ఫోన్ 139కి.

### ఫిర్యాదు చేయాలంటే

మా వంతెన మీద రోజూ సిట్టింగే, ఎవరికి చెప్పాలి?

అప్పటికప్పుడు గొడవగా ఉంటే 112. రోజూ జరిగేదైతే ఫోన్ కంటే కాయితమే బాగా పనిచేస్తుంది. ఏ జాగా, ఏ టైము, వారంలో ఏ రోజులు, ఎంతమంది, పక్కన బడి ఉందా రేవు ఉందా అని రాసి స్టేషన్‌లో ఒకటి, సచివాలయంలో ఒకటి ఇచ్చి రసీదు అడగండి. కాలవగట్టు జలవనరుల శాఖది కాబట్టి వాళ్ళకీ ఒక కాపీ ఇవ్వండి, లైటు, బోర్డు పెట్టడానికి వాళ్ళ మాట కావాలి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. మనుషుల పేర్లు రాయక్కర్లేదు, జాగా పేరు రాస్తే చాలు, అలా రాస్తే ఊళ్ళో పగలు రావు, పది మంది సంతకం పెట్టడానికి కూడా ముందుకొస్తారు. డ్వాక్రా సంఘం తరఫున ఇస్తే ఇంకా మంచిది.

నేనే వెళ్ళి అడగొచ్చా?

తాగి ఉన్నప్పుడు వద్దు, ఒంటరిగా అసలే వద్దు. పొద్దున్న టీ కొట్టు దగ్గర కలిసినప్పుడు, ఏరా అబ్బాయ్, పిల్లలు పోయే దారి కదా అని తెలిసినవాళ్ళు ఒకరు చెప్తే సగం మంది వింటారు. వినేవాళ్ళని వినే టైములో పట్టుకోవాలి.

వీడియో తీసి గ్రూపులో పెడితే సిగ్గొస్తుంది కదా?

పెట్టకండి. మొహాలు కనిపించే వీడియో తిరిగితే ఆయనకంటే ముందు ఆయన కూతురు క్లాసులో తలొంచుకుంటుంది. పోలీసులకి ఆధారం కావాలంటే నేరుగా వాళ్ళకి పంపండి, మొహాలు లేకుండా బాటిళ్ళు పడున్న జాగా ఫొటో అయితే ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఈ మధ్య పోలీసులు డ్రోన్లు ఎగరేసి తోటల్లో తాగేవాళ్ళ వీడియోలు వదులుతున్నారు, జనం లైకులు కొడుతున్నారు, నాకు అది నచ్చలేదు. నిఘా పెట్టొచ్చు, మనిషిని ఊరందరి ముందు పరిగెత్తించడం శిక్షలో భాగం కాదు.

ఊరి పెద్దలు కూర్చుని 5,000 జరిమానా వేస్తామంటున్నారు, వేయొచ్చా?

వేయకూడదు. గ్రామసభ తీర్మానం చేయొచ్చు, పోలీసుల్ని అడగొచ్చు, బోర్డులు పెట్టొచ్చు. పెద్దలు సొంతంగా డబ్బు వసూలు చేయడం, గుండు గీయించడం, చెట్టుకి కట్టడం ఇవన్నీ నేరాలు. మంచి ఉద్దేశంతో మొదలైనా ఆ జరిమానా చివరికి బలం లేని కులం మీదా, బలం లేని ఇంటి మీదా పడుతుందని మన ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు.

### పట్టుబడితే, అలవాటైపోతే

మా అబ్బాయిని రాత్రి స్టేషన్‌కి తీసుకెళ్ళారు, ఇప్పుడేం చేయాలి?

కంగారు పడకండి. మత్తులో జనాన్ని ఇబ్బంది పెట్టే 355 సెక్షన్ లాంటివి బెయిలబుల్, ఇంటోళ్ళలో ఒకరు ఆధార్ పట్టుకుని వెళ్ళండి. ఏ సెక్షన్ కిందో అడిగే హక్కు మీకుంది, అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఫైను కడితే రసీదు తీసుకోండి, రసీదు లేని ఫైను కట్టకండి. కొట్టే అధికారం ఎవరికీ లేదు, దెబ్బలుంటే మేజిస్ట్రేటుకి చెప్పాలి. అబ్బాయికి 18 నిండకపోతే వయసు కాయితం వెంటనే చూపించండి, వాళ్ళకి చట్టమే వేరు. 21 నిండనివాడికి బాటిల్ అమ్మిన షాపు ఏదో కూడా అడిగి రాయించండి, అక్కడ తప్పు షాపుది కూడా.

రోజూ తాగే మనిషిని రేపట్నుంచి పూర్తిగా మాన్పించేద్దామనుకుంటున్నాం, ఓకేనా?

డాక్టర్‌కి చూపించకుండా ఒక్కసారిగా ఆపొద్దు. ఏళ్ళ తరబడి ఎక్కువగా తాగినవాళ్ళు ఉన్నట్టుండి ఆపితే చేతులు వణకడం, చెమటలు, నిద్ర లేకపోవడం, కొందరికి ఫిట్స్, రెండు మూడు రోజులకి లేనివి కనిపించడం, తెలివి తప్పి మాట్లాడటం జరుగుతాయి, ప్రాణం మీదకి రావచ్చు. ఇది మొండితనమో దెయ్యమో అనుకుని ఆస్పత్రికి ఆలస్యం చేయకండి. మత్తు మాన్పించే సలహా కోసం 14446, మనసు బాగోలేకపోతే 14416, రెండూ ఉచితం. పట్టుబడినవాళ్ళందరికీ ఈ నంబర్లున్న కాయితం ఒకటి స్టేషన్‌లోనే చేతిలో పెట్టాలని మా అర్జీలో రాశాం, అలవాటు ముదిరిన మనిషి ఫైనుకి మారడు.

### అర్జీలో ఏం అడుగుతున్నాం

చట్టంలో మీరు కోరేది సూటిగా చెప్పండి

బడి, అంగన్‌వాడీ, రేవు, కాలవగట్టు, వంతెన, బస్‌షెల్టర్, చెరువుగట్టు, శ్మశానం షెడ్డు ఇవి తాగకూడని జాగాలని పేరు పెట్టి ఊరి మ్యాపులో గుర్తించి బోర్డు పెట్టాలి, బోర్డు లేని చోట మొదటిసారికి హెచ్చరికే ఉండాలి. రెండోసారి చిన్న ఫైను, కట్టలేకపోతే శుభ్రం చేసే పని, ఆడాళ్ళని ఏడిపించినా, గాజు పగలగొట్టినా, రేవులోనో పంటు మీదో తాగినా మాత్రం మొదటిసారే కేసు. షాపు లైసెన్సులో ఖాళీ బాటిళ్ళు వెనక్కి తీసుకునే షరతు పెట్టాలి, ఇది గాల్లో మాట కాదు, తమిళనాడు నీలగిరి జిల్లాలో 2022 నుంచి బాటిల్ మీద పది రూపాయలు ఎక్కువ తీసుకుని ఖాళీది తెచ్చిస్తే తిరిగిస్తున్నారు, మద్రాసు హైకోర్టు చెప్పాక మొదలైంది. పది రూపాయలొస్తాయంటే మన గట్టు మీద ఒక్క బాటిల్ మిగలదు. బెల్టు షాపుల మీద దాడులు పేరుకి కాకుండా జరగాలి, ఊళ్ళో బాటిల్ దొరకడమే గట్టు సిట్టింగులకి మూలం.

మా ఊరికి కూడా ఇదే అర్జీ వాడుకోవచ్చా?

వాడుకోండి. ఊరి పేరు, జాగాల పేర్లు మార్చండి, మీ దగ్గర ఏటిగట్టు ఉంటే అది చేర్చండి. గ్రామసభలో చదివేటప్పుడు ఆడాళ్ళు ముందు వరసలో కూర్చునేలా చూడండి, సాయంత్రం ఆరు తర్వాత పెడితే కూలికి పోయినవాళ్ళు కూడా వస్తారు, తాగేవాళ్ళని కూడా పిలవండి. మా దగ్గర శ్మశానం షెడ్డు పేరు లిస్టులో చేర్చమన్నది అలా వచ్చిన ఒకాయనే.